గురువారం విశేషాలు

“రాయనక్కా.”

“ఎందుకు రాయవు? చెయ్యి అరిగిపోతుందా?”

“నేను చూడలేదు.”

“నేను చూశాను కదయ్యా. పొద్దున ఎనిమిదింటికి నా వేలు పట్టుకుని నొక్కాడు. ఇదిగో, ఈ వేలు. నొక్కినవాడు నా కొడుకు, నొక్కించుకున్నదాన్ని నేను. మధ్యలో నీకొచ్చిన నష్టమేంటి?”

“నాకేం నష్టం లేదు. నువ్వు చూస్తే నువ్వు రాసుకో. నా చేత్తో నేను రాయను.”

“తొమ్మిదేళ్ళు రాసినవాడివి, ఇవాళ కొత్తగా నీతులా?”

చిన్నోడు మూడో అంతస్తు మెట్ల మలుపులో ఆగిపోయాడు. భుజాన పనిముట్ల సంచి, చేతులకు గ్రీజు. అతను లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మందిని పైకెక్కించి కిందికి దించేది అతనే గాని, తను ఉండే భవనానికి మాత్రం లిఫ్టు లేదు. నాలుగంతస్తులూ కాళ్ళతో ఎక్కాల్సిందే. చుట్టుపక్కల వాళ్ళకి అదో నవ్వులాట.

ఆ గొంతులు తెరిచి ఉన్న తన ఇంటి తలుపులోంచే వస్తున్నాయి. ఒకటి అమ్మది, రెండోది అన్నయ్యని చూసుకునే ఆయనది, అందరూ గడియారం అని పిలిచే మనిషిది. అతను ఆగింది అలుపొచ్చి కాదు. అమ్మ పాలవాడితో పోట్లాడుతుంది, పక్కింటివాళ్ళ పిల్లల బంతితో పోట్లాడుతుంది, రేడియోలో వార్తలు చదివేవాడితో కూడా పోట్లాడుతుంది. గడియారంతో మాత్రం తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆయన లేకపోతే తన పెద్ద కొడుకు లేడని ఆవిడ లెక్క.

పెద్దోడు భవనాలకి బయట రంగులేసే పని చేసేవాడు. ఇరవై నాలుగేళ్ళప్పుడు తాడు జారి నాలుగో అంతస్తు ఎత్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, మనిషి దక్కలేదు. కళ్ళు తెరుస్తాడు, మూస్తాడు, నిద్రపోతాడు, లేస్తాడు. పిలిస్తే పలకడు. పొట్టలోకి వేసిన పైపులోంచి రోజుకి ఐదుసార్లు ఆహారం పోస్తే లోపలికి పోతుంది. అంతే, తొమ్మిదేళ్ళుగా అంతే. మధ్యలో, ఐదేళ్ళ కిందట, తండ్రి గుండెపోటుతో పోయాడు.

ఏడాది కిందట చిన్నోడు అమ్మకి చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళి అర్జీ పెట్టాడు. మా అన్నయ్యకి ఆ పైపు తీసేయండి, ఇక చాలు, అని. పెట్టాక అమ్మకి చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. “నువ్వూ నా కొడుకువే, ఏం చెయ్యను” అని ఊరుకుంది. తిడితే బాగుండేది. ఆసుపత్రివాళ్ళు చట్టం చూసి, ముగ్గురు డాక్టర్లతో ఒక కమిటీ వేశారు. పది రోజుల్లో కమిటీ ఇంటికొస్తుంది. పెద్దోణ్ణి చూస్తుంది, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతుంది. ఈలోగా రోజువారీ సంరక్షణ పుస్తకాలన్నీ పంపమంది.

ఆ పుస్తకాలు రాసేది గడియారం. అసలు పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేంత అలవాటు లేదు. పొద్దున ఆరింటికి వస్తాడు, రాత్రి ఎనిమిదింటికి వెళ్తాడు, ఈ మధ్యలో ప్రతి రెండు గంటలకీ పెద్దోణ్ణి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పుతాడు. ఇల్లు కూలుతున్నా సరే తిప్పుతాడు. ఒకసారి కింది ఇంట్లో పొయ్యి అంటుకుని భవనమంతా బయటికి పరిగెడుతుంటే, “పది అయింది, తిప్పి వస్తాను” అన్నాడట. ఆ రోజు నుంచి గడియారం. రాత్రి పూట అమ్మ అలారం పెట్టుకుని తిప్పుతుంది. తొమ్మిదేళ్ళలో పెద్దోడి ఒంటి మీద ఒక్క పుండు లేదు. పైపు మార్చడానికి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి నర్సులు వీపు చూసి ఒకరినొకరు పిలుచుకుంటారు, చూడవే అని.

చిన్నోడు మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరూ నోరు మూసుకున్నారు. అమ్మ వంటింట్లోకి పోయింది. గడియారం కుర్చీలో కూర్చుని పుస్తకంలో మూత్రం కొలత రాస్తున్నాడు.

“ఎలా ఉన్నాడు?” అన్నాడు చిన్నోడు, గుమ్మంలోంచే. రోజూ అక్కడి నుంచే అడుగుతాడు.

“అలాగే ఉన్నాడు నాయనా.”

“బాబాయ్, అమ్మ రాయమంటే ఎందుకు రాయనన్నావు?”

గడియారం తలెత్తలేదు. “చూడనిది రాయకూడదు.”

చిన్నోడికి ఆ మాట బాగా నచ్చింది. ఈ ఇంట్లో నిఖార్సుగా మాట్లాడే మనిషి ఒక్కడున్నాడు అనుకున్నాడు. ఆ అభిప్రాయం సరిగ్గా ఒక్క రాత్రి నిలిచింది.

మర్నాడు శనివారం. పద్దెనిమిది పుస్తకాలు సంచిలో వేసుకుని జిరాక్స్ షాపుకి వెళ్ళాడు. షాపువాడు “మూడు గంటలు పడుతుంది, ఎక్కడికైనా పోయి రండి” అన్నాడు. పోవడానికి ఎక్కడుంది? అక్కడే బల్ల మీద కూర్చుని ఒక్కో పుస్తకం తిరగేశాడు. అప్పటిదాకా వాటిని ఎప్పుడూ చదవలేదు.

ప్రతి పేజీలో గళ్ళు. టైము, ఏ పక్కకి తిప్పారు, ఎంత పోశారు, ఎంత బయటికొచ్చింది, జ్వరం. చివర పెద్ద గడి, పైన ‘విశేషాలు’ అని ఉంటుంది. చాలా రోజులు ఆ గడిలో ఒకటే మాట: ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. మధ్యలో ఎక్కడో ఒకటి: ‘అమ్మ గొంతు వినగానే కళ్ళు అటు తిప్పాడు.’ మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ ఒకటి: ‘గడ్డం గీస్తుంటే కొంచెం నవ్వినట్టు పెదవి కదిలింది.’ మొదటి పుస్తకం అయ్యేసరికి చిన్నోడు ఆ పేజీకి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. నిజంగా నవ్వాడా? నేను అర్జీ పెట్టింది నవ్వే మనిషి మీదా?

నాలుగో పుస్తకంలో ఉండగా అతని లోపలి మెకానిక్కు మేలుకున్నాడు.

లిఫ్టు గదుల్లోనూ పుస్తకాలుంటాయి. తాడు చూశాం, బ్రేకు చూశాం, తలుపు సరిచేశాం అని నెలనెలా రాయాలి. అతను పనిలో చేరిన కొత్తలో ఒక ముసలి మెకానిక్కు పైకెక్కే ఓపిక లేక మూడు నెలల రాతలూ టీ కొట్టు దగ్గర కూర్చుని రాసేవాడు. పట్టుకోవడం చాలా తేలిక. నిజం లోపాలు గుంపుగా వస్తాయి, లేకపోతే ఏడాదిపాటు అసలు రావు. టీ కొట్టు దగ్గర పుట్టే లోపాలు మాత్రం బుద్ధిమంతుల్లా ఇంత దూరానికి ఒకటి చొప్పున వస్తాయి.

చిన్నోడు తారీఖులు చూశాడు. ఫోనులో పాత క్యాలెండరు తీశాడు. గురువారం. గురువారం. గురువారం. ఒక వారం తప్పించి, మళ్ళీ గురువారం. తొమ్మిదేళ్ళలో అన్నయ్య కళ్ళు తిప్పినా, నవ్వినా, వేలు కదిపినా, నూటికి తొంభై పాళ్ళు గురువారమే.

షాపువాడు “ఏంటి సార్, అలా అయిపోయారు?” అన్నాడు.

“ఏమీ లేదు” అన్నాడు చిన్నోడు.

కాపీలు ఆసుపత్రిలో ఇచ్చి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. అమ్మ కునుకు తీస్తోంది. గడియారం వెనక వసారాలో కుళాయి కింద పైపుకి తగిలించే పెద్ద సిరంజి కడుగుతున్నాడు. చిన్నోడు పక్కనే నిలబడ్డాడు.

“బాబాయ్. అన్నయ్య గురువారాలే ఎందుకు నవ్వుతాడు?”

గడియారం చెయ్యి ఆగలేదు. సిరంజి లోపల బ్రష్షు పెట్టి తిప్పాడు, నీళ్ళు పోశాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు, గుడ్డ మీద బోర్లించాడు. అప్పుడు అన్నాడు.

“బుధవారం ఫిజియో ఆయన వస్తాడు కాబట్టి.”

“అంటే?”

“ఆయన వచ్చి చేతులూ కాళ్ళూ వంచి, మార్పేమీ లేదమ్మా అని చెప్పి పోతాడు. ఆ రాత్రి మీ అమ్మ తినదు. గురువారం పొద్దున కూడా తినదు. కొత్తలో రెండు నెలలు చూశాను. మనిషి సగమైపోయింది. రోజూ సాయంత్రం నేను పుస్తకం మూయగానే వచ్చి, మిగతా గళ్ళన్నీ వదిలేసి ఆ చివరి గడే చూసేది. ఏమీ లేదు అని ఉంటే పుస్తకాన్ని చేత్తో నిమిరి పెట్టేసేది. ఒక గురువారం చెయ్యి ఆగక రాశాను, నీ గొంతు విని కళ్ళు తిప్పాడని. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది.”

“అందుకని తొమ్మిదేళ్ళా?”

“ఉప్పు లాంటిదిరా అది. రోజూ వేయలేదు. ఎక్కువైతే పట్టుబడుతుందని తెలుసు. వారానికి ఒకటి, ఒక్కోసారి రెండు వారాలకి ఒకటి.”

చిన్నోడికి అరవాలనుంది. అరిస్తే అమ్మ లేస్తుంది. పళ్ళ బిగువున అన్నాడు, “నిన్న పెద్ద సత్యసంధుడిలా చూడనిది రాయనన్నావు?”

“నిన్నటికి అది డాక్టర్లకి పోయే కాగితం అయింది కాబట్టి. అంతకుముందు అది మీ అమ్మకీ నాకూ మధ్య మాట. ఇంట్లో ఆడే అబద్ధం వేరు, మనిషి ప్రాణం మీద వేసే సంతకం వేరు. ఆ తేడా నాకు తెలుసనుకున్నాను. కానీ పాతవన్నీ కూడా పోతాయని అప్పుడు బుర్రకి తట్టలేదు చూడు. కమిటీ పాత పుస్తకాలు అడిగిందని మీ అమ్మ చెప్పిన రోజు నుంచీ చెప్పు కింద తేలుని తొక్కి పెట్టినట్టుంది నాకు, కాలు తీయలేను.”

ఈ గడియారం ముందు చేసిన పని గాజు మోయడం. పెద్ద పెద్ద గాజు పలకల గోదాములో కూలీ. మనిషంత ఎత్తు పలకని ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించేవాళ్ళు. మధ్యలో పట్టుకుంటే విరుగుతుంది, అంచు పట్టుకోవాలి, పక్కవాడి ఊపిరితో ఊపిరి కలపాలి. ఇరవై ఏళ్ళలో రెండే పలకలు పగలగొట్టానని చెప్పుకుంటాడు. ఆయన భార్యకి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర మంచాన ఉంది. పక్క మార్చాలని ఎవరూ చెప్పలేదు. కదిపితే నొప్పేమోనని కదపకుండా, కడుపులో పెట్టుకుని చూసుకున్నాడు. నడుము కింద పుండు పడింది, పుండులో చీము పట్టింది, ఆ చీమే ఆవిణ్ణి తీసుకుపోయింది, పక్షవాతం కాదు. ఆ తర్వాత గోదాము మానేసి, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే పని ఆరు నెలలు నేర్చుకుని, మొదటిసారి చేరిన ఇల్లు ఇది. రెండో ఇల్లు ఎరగడు. ఈ కథంతా చిన్నోడికి ముక్కలుముక్కలుగా తెలుసు. రెండు గంటలకోసారి తిప్పే ఆ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. అందుకే కాలర్ పట్టుకోలేకపోయాడు.

“నేనే కమిటీకి చెప్పేస్తాను” అన్నాడు.

“చెప్పు. నీకు హక్కుంది. కానీ ముందు మీ అమ్మకి నేను చెప్పాలి. రాసింది ఆవిడకి కదా. ఒక్క రోజు ఆగు.”

ఆదివారం మధ్యాహ్నం రెండింటి తిప్పడం అయ్యాక గడియారం వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. ముందో మాట వెనకో మాట లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చిన్నోడు హాల్లో కూర్చుని విన్నాడు. అమ్మ ఏడుస్తుందని చూశాడు. గరిటె విసురుతుందని కూడా చూశాడు. ఆవిడ పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని బయటికొచ్చింది.

“పుస్తకాలు తియ్యి” అంది.

“అక్కా...”

“అన్నీ అబద్ధమే రాశావా?”

“అన్నీ కాదు.”

“అయితే ఏవి నిజమో చెప్పు. తియ్యి.”

చిన్నోడు కూడా లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా అతనికి అది అబద్ధాల పుస్తకం, అంతే, వ్యవహారం తేలికైపోయింది. అన్నీ కాదు అన్న ముక్క చెవిలో పడగానే నేల కొంచెం కదిలింది.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. సోమ, మంగళ చిన్నోడు పని నుంచి తొందరగా వచ్చేశాడు. బల్లకి అటు గడియారం, ఇటు అమ్మ. ఆవిడ వేలితో గడి చూపిస్తుంది, ఆయన పెన్సిలుతో చుక్క పెడతాడు. చుక్క పెడితే అబద్ధం.

“ఇది?”

“అబద్ధం.”

“ఇది, దగ్గు విని కనుబొమ్మ ఎత్తాడని?”

“అబద్ధం.”

“నా పుట్టిన్రోజు నాడు నా చెయ్యి నొక్కాడని రాశావు.”

“అబద్ధం అక్కా. నీ పుట్టిన్రోజు కదా అని.”

“సంతోషం. పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను.” ఆవిడ పేజీ తిప్పింది. “ఇది?”

గడియారం పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ‘కిటికీలోంచి ఎండ పడితే తల పక్కకి తిప్పుకున్నాడు.’

“ఇది... ఒకటి నిజంగా జరిగింది. ఎండకి తల తిప్పుకున్నాడు. నేను కళ్ళారా చూసి ఒళ్ళు ఝల్లుమంది. కానీ అది ఇదేనో కాదో తెలియట్లేదు. ఎండ అని నాలుగుసార్లు రాశాను. ఒకటి నిజం, మూడు దాన్ని చూసి అల్లినవి.”

“ఏది నిజం?”

“అన్నీ ఒకే చేత్తో, ఒకే సిరాతో రాశానక్కా. రాసేటప్పుడు ఎంత పనితనం చూపించానంటే, ఇప్పుడు నాకే తెలియట్లేదు.”

చుక్క పెట్టలేదు. ప్రశ్న గుర్తు పెట్టాడు. మూడు మధ్యాహ్నాలయ్యేసరికి అలాంటివి పదమూడు మిగిలాయి. తొమ్మిదేళ్ళలో ఆ మనిషి లోపల ఎవరైనా ఉన్నారా అన్నదానికి ఉన్న ఆనవాళ్ళు అవే. వాటిలో ఏది ఆనవాలో ఏది అల్లికో చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆయనే మర్చిపోయాడు. చిన్నోడికి ఎంత కోపం వచ్చిందంటే, నవ్వొచ్చింది.

మంగళవారం చివర్లో అమ్మ పదో పుస్తకంలో ఒక పేజీ తీసింది. ఆ పేజీ వెతుక్కోవాల్సిన పని ఆవిడకి లేదు, దానంతటదే అక్కడ తెరుచుకుంది. తండ్రిని ఇంట్లోంచి తీసుకెళ్ళిన రోజు. ‘నాన్నని తీసుకెళ్తుంటే ఎడమ కంట్లోంచి నీరు కారింది.’ అది గురువారం కాదు.

“ఇది మాత్రం నిజం” అంది అమ్మ. అడగలేదు, చెప్పింది.

గడియారం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. చిన్నోడికి మనసులో ఒకటే, నిజమనెయ్ బాబాయ్, ఈ ఒక్కటీ వదిలెయ్. అర్జీ పెట్టినవాడు తనే అన్న సంగతి ఆ క్షణం గుర్తు లేదు.

“ఆ రోజు నేను వాణ్ణి చూడలేదక్కా” అన్నాడు గడియారం. “నిన్ను చూస్తున్నాను. నువ్వు పడిపోతావేమోనని.”

చుక్క పెట్టాడు.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పది నిమిషాల తర్వాత మూడు గ్లాసుల టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ రోజు నుంచి గడియారంతో మాట్లాడటం మానేసింది. టీ పెట్టడం మానలేదు. చెప్పాల్సినవి చిన్నోడితో చెప్పించేది. “సబ్బు అయిపోయిందని చెప్పు.” ఆయన రెండడుగుల దూరంలో నిలబడే ఉండేవాడు. “విన్నానని చెప్పు నాయనా” అనేవాడు ఆయన.

కమిటీ ఆ మరుసటి సోమవారం పొద్దున పదింటికి వచ్చింది. ముగ్గురు. నెరిసిన జుట్టు డాక్టరమ్మ పెద్ద. ఆవిడ పక్కన బట్టతల డాక్టరు. మూడో ఆయన కుర్రవాడు, నోరెత్తకుండా రాసుకుంటూ కూర్చున్నాడు. నాలుగంతస్తులు ఎక్కి బట్టతల డాక్టరుకి ఆయాసం వచ్చింది. అమ్మ మంచినీళ్ళిచ్చింది.

డాక్టరమ్మ పెద్దోడి చెవి దగ్గర చప్పట్లు కొట్టింది. గోటి మీద పెన్ను పెట్టి నొక్కింది. చేతి అద్దం తీసి మొహం ముందు పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ జరిపింది. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి ఏమీ లేదు. మూడోసారి పెద్దోడి కళ్ళు అద్దం వెంట రెండంగుళాలు వెళ్ళినట్టనిపించింది. నాలుగోసారి మళ్ళీ ఏమీ లేదు.

“చూశారా” అంది అమ్మ.

“చూశానమ్మా. ఒకసారి చూశాను. ఒకసారి చూసింది చాలదు, అదే చిక్కు.”

అందరూ హాల్లో కూర్చున్నారు. అమ్మ సూటిగా అడిగింది, “పైపు తీస్తే ఆకలితో చంపినట్టు కాదా? నోటికాడి ముద్ద లాక్కోవడం వైద్యమా?”

“నోటితో తిని తొమ్మిదేళ్ళయిందమ్మా” అన్నాడు చిన్నోడు.

“నిన్నడగలేదు.”

డాక్టరమ్మ చెయ్యెత్తింది. “కాదని నేనంటాను. ఔనని నా పక్కనున్న ఈయన అంటాడు. కారులో దారంతా అదే గొడవ.”

“అంటాను” అన్నాడు బట్టతల డాక్టరు, గ్లాసు కింద పెట్టి. “మందు ఆపితే రోగం చంపుతుంది. తిండి ఆపితే మనం చంపుతాం. ఇంజెక్షనిచ్చి చంపమంటే ఎవరూ ఒప్పుకోరు గదా, ఇది నెమ్మదిగా ఇచ్చే ఇంజెక్షను కాదని నాకు నమ్మకం కుదరాలి. అందాకా నేను సంతకం పెట్టను.”

“ఆ పైపు పెట్టింది కూడా మనమే కదా” అంది డాక్టరమ్మ. “లేస్తాడని పెట్టాం. లేవడని నిజంగా తేలితే, ఆ తర్వాత దాన్ని ఉంచడం ఎవరికోసం? అబ్బాయి కోసమా, మనం తీశామన్న మాట పడకుండా ఉండటం కోసమా? నొప్పి లేకుండా చూసే మందులుంటాయి, మనిషిని వదిలేసి పోము. కానీ నిజంగా తేలాలి. అందుకే నాకు ఈ పుస్తకాలు చాలా ముఖ్యమనిపించాయి. మేము గంట చూస్తాం, ఈయన తొమ్మిదేళ్ళు చూశాడు.” ఆవిడ గడియారం వైపు తిరిగింది. “ఇందులో నాలుగు వందల పైచిలుకు స్పందనలున్నాయి. ఇవి చదివాక, తీయకూడదన్న వైపే నేనూ మొగ్గాను.”

చిన్నోడు నేల వైపు చూశాడు. ఇప్పుడు ఊరుకుంటే చాలు గడియారానికి. పని ఉంటుంది, పరువు ఉంటుంది, అక్క కొడుకు ఉంటాడు. చుక్కలు జిరాక్సు కాపీల్లో లేవు, పెన్సిలు చుక్కలు ఇంట్లో పుస్తకాల్లో ఉన్నాయి. ఆయన చెప్పకపోతే తను చెప్పాలి. చెప్పగలడా? ఆ అద్దం వెంట రెండంగుళాలు వెళ్ళిన కళ్ళే అతనికి ఇంకా కనిపిస్తున్నాయి.

గడియారం లేచి నిలబడ్డాడు, బడిలో పిల్లాడిలా.

“పదమూడు తప్ప మిగతావి నేను కల్పించినవమ్మా. ఆ పదమూడు కూడా నికరంగా చెప్పలేను. ఈవిడకి అన్నం సయిస్తుందని రాశాను. ఇంకెవరి తప్పూ లేదు.”

కుర్ర డాక్టరు రాయడం ఆపేశాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

“ఇన్నేళ్ళూ దగ్గరుండి చూశారు. మీకేమనిపిస్తుంది? లోపల ఉన్నాడా?”

“నన్నడక్కండి. పైపు ఉంటే నాకు పనుంటుంది, తీస్తే పోతుంది. పైగా వాడి వీపు చూసుకుని నేను పొంగిపోతుంటాను. పుండు పడనివ్వలేదని. ఆ గొప్ప వాడిదా నాదా నాకే తెలియదు. నా మాటకి విలువ కట్టకండి.”

“ఇలాంటి మాటకే విలువ కట్టాలి” అన్నాడు బట్టతల డాక్టరు, ఎవరితోనో కాదు, తనలో తనే.

వాళ్ళు వసారాలోకి వెళ్ళి అరగంట మాట్లాడుకుని వచ్చారు. పుస్తకాలన్నీ పక్కన పెట్టేశామన్నారు. ఇప్పుడేమీ తేల్చలేమన్నారు. ఎనిమిది వారాలు కొత్తగా గమనించాలి. రోజూ ఒకే వేళకి, గంటసేపు, ఎదురుగా కూర్చుని, అద్దంతో, గొంతుతో, వెలుతురుతో. జరిగింది జరిగినట్టు, జరగనిది జరగనట్టు రాయాలి. ఆసుపత్రి నుంచి ఒకరు చెప్పకుండా వచ్చి సరిచూస్తుంటారు. ఇంట్లోవాళ్ళే ఒకరు రాయాలి. గడియారం రాయడానికి వీల్లేదు.

“నేను రాస్తాను” అంది అమ్మ.

“మీరొద్దమ్మా” అంది డాక్టరమ్మ, చాలా మెత్తగా. “మీకు కనిపిస్తుంది. లేకపోయినా కనిపిస్తుంది. ఎవరనేది రేపటికి చెప్పండి.”

ఆ సాయంత్రం నాలుగింటికి గడియారం చిన్నోణ్ణి లోపలికి పిలిచాడు. అమ్మ రోజూ ఆ వేళకి ఒక చెయ్యి వేసేది, ఇవాళ పడుకుని లేవలేదు. చిన్నోడు గుమ్మం దాటి లోపలికి వెళ్ళాడు. గదిలో సబ్బు వాసన, పౌడరు వాసన. దుప్పటి ఒక్క ముడత లేకుండా ఉంది.

“మధ్యలో పట్టుకోకు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒకటి. నా ఊపిరి చూడు, నేను వదిలినప్పుడు నువ్వూ వదులు.”

ఇద్దరూ కలిసి తిప్పారు. అన్నయ్య ఇంత తేలిగ్గా ఉంటాడని చిన్నోడు అనుకోలేదు. మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, గడియారం చొక్కా సర్ది, నిటారుగా నిలబడ్డాడు.

“నన్ను మానిపిస్తారా?” అన్నాడు.

“అమ్మ మానిపించదులే. ఈ నెలకి సబ్బులు ఎన్ని కావాలో అడగమంది.”

“ఊఁ.” ఆయన కుర్చీని మంచానికి ఎదురుగా లాగాడు. “నాయనా, నిన్నొకటి అడుగుతాను. కాదనకు. రేపటి నుంచి నువ్వు రాయి.”

“నేనా? అర్జీ పెట్టిందే నేను బాబాయ్. పైపు తీయమన్నది నేను.”

“అందుకే. వాడు లోపల ఉండాలని కోరుకుని నేను రాశాను, లేనివి పుట్టించాను. నీకు ఆ జబ్బు లేదు. వాడు కదల్లేదని నువ్వు రాస్తే మీ అమ్మ నమ్మకపోవచ్చు గాని, కదిలాడని రాస్తే లోకమంతా నమ్మాలి. కానీ నీకు ఇంకో జబ్బుంది. తొమ్మిదేళ్ళుగా ఆ గుమ్మంలోంచి నన్నడుగుతావు ఎలా ఉన్నాడని. వాణ్ణి అడగలేదు. వాడి మొహం చూసి ఎన్నాళ్ళయిందిరా నీకు?”

చిన్నోడు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“రోజుకో గంట. ఇక్కడ కూర్చో. వాడి కళ్ళలోకి చూడు. కదలకపోతే కదల్లేదని రాయి, మీ అమ్మ నీ ఎదురుగా ఏడుస్తున్నా సరే. కదిలితే, నీ అర్జీ గంగలో కలిసినా సరే, కదిలాడని రాయి.”